అక్షరం పోలేదు

పదహారేళ్ళు మంచం కింద కూర్చున్న మనిషికి నడుం నొప్పి రావడంలో వింతేమీ లేదు. మాణిక్యాంబకి నడుం నొప్పితో పాటు కోపం కూడా వచ్చింది. నడుముకి రాసుకోవడానికి తైలాలున్నాయి. కోపానికి ఏం రాసుకోవాలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆవిడ వినే రకం కాదు.

ముందు ఆ మంచం సంగతి చెప్పాలి. తెనాలికి కేబుల్ టీవీ వచ్చిన కొత్తల్లో, అంటే తొంభై రెండులో, బాబూరావు అనే ఆయన తన ఛానల్లో ‘నులకమంచం’ అని ఒక హాస్య కార్యక్రమం మొదలుపెట్టాడు. సాంబయ్య అనే పెద్దమనిషి మంచం మీద కూర్చుని ఉంటాడు. వారానికొకరు వచ్చి ఆయన్ని బురిడీ కొట్టించాలని చూస్తారు. ఇన్సూరెన్సు ఏజెంటు, దొంగ బాబా, పెళ్ళిచూపులకొచ్చిన కాబోయే వియ్యంకుడు, ఎవరైనా సరే. చివరికి వాళ్ళే బోల్తా పడి, తెచ్చుకున్న సంచీ కూడా వదిలేసి పరిగెడతారు. అంతే కథ. ఆదివారం పొద్దున తీయడం, సాయంత్రం చూపించడం. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడూళ్ళ వాళ్ళూ ఆ పావుగంట పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేచేవాళ్ళు కాదు.

సాంబయ్య వేషం నాగుల్ మీరాది. మార్కెట్ వెనక సందులో దర్జీ. మంచం మీద పరిచిన దుప్పటి నాలుగు వైపులా నేల దాకా వేలాడుతుంది. ఆ దుప్పటి వెనక, మంచం కింద, ఒక చేతిలో నోటుపుస్తకం, ఇంకో చేతిలో టార్చిలైటుతో మాణిక్యాంబ. ఆయన మాట మరిచిపోతే అందించడం ఆవిడ పని. రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పుకుంటూ, ఆదివారం తెల్లారగానే పాసింజరెక్కి తెనాలి వచ్చేది. వాళ్ళ నాన్న పరిషత్తు నాటకాలకి ప్రాంప్టింగ్ చెప్పేవాడు. పన్నెండేళ్ళ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాడు. నటుడి మొహం చూడకు, ఊపిరి విను అనేవాడు. మాట పోయే ముందు ఊపిరి ఒక్క క్షణం ఆగుతుందట. సరిగ్గా అప్పుడు మొదటి మాట అందించాలి. రెండో మాట నటుడి నోట్లోకి దానంతటదే వస్తుంది.

నాగుల్ మీరాకీ ఆవిడకీ మధ్య ఇంకో గుర్తు కూడా ఉండేది. మాట బొత్తిగా తోచకపోతే ఆయన మంచం పట్టె మీద వేలితో రెండుసార్లు తట్టేవాడు. చూసేవాళ్ళకి అది సాంబయ్య అలవాటులా కనిపించేది. మంచం కింద మనిషికి మాత్రం అది పిలుపు. రికార్డింగు అవగానే ఆయన వంగి దుప్పటి ఎత్తి, చెయ్యి ఇచ్చి ఆవిడని పైకి లేపుతూ అడిగేవాడు.

“ఎక్కడైనా పోయిందా చెల్లెమ్మా?”

“అక్షరం పోలేదన్నయ్యా.”

తర్వాత టీ. పదహారేళ్ళలో ఈ మాట తప్పలేదు. మొదటి పదమూడేళ్ళు అది నిజం కూడా.

చివరి మూడేళ్ళలో ఆ తట్టడం ఎక్కువైంది. మొదట్లో ఒకటి రెండు చోట్ల. తర్వాత పేజీకి రెండు. ఆ తర్వాత ఆవిడ మొదటి మాట అందిస్తే సరిపోయేది కాదు, వాక్యం మొత్తం అందించాల్సి వచ్చేది. ఆయన దాన్ని ఎంత గొప్పగా పలికేవాడంటే, కింద నుంచి వచ్చిందని దేవుడు కూడా పట్టుకోలేడు. మాణిక్యాంబకి లోలోపల గర్వంగా ఉండేది. వయసు మీద పడుతోంది పాపం, నేనున్నాను కాబట్టి నెట్టుకొస్తున్నాడు అనుకునేది. ఆ గర్వాన్ని తలుచుకుని తర్వాత తనని తాను ఎన్ని తిట్టుకుందో లెక్కలేదు.

ఈలోగా కార్యక్రమానికే రోజులు దగ్గరపడ్డాయి. చూసేవాళ్ళు ముసలివాళ్ళే మిగిలారు. కుర్రకారుకి పెద్ద ఛానళ్ళ డాన్సులు కావాలి. ఉగాదికి ఆపేసి ఆ పావుగంటలో సినిమా పాటలు వేస్తానని బాబూరావు రెండువేల ఎనిమిది జనవరిలో చెప్పేశాడు. మాణిక్యాంబ బాధపడింది గానీ కోపం తెచ్చుకోలేదు. అప్పటికింకా కోపానికి వేళ రాలేదు.

అదే నెలలో ఒక ఆదివారం రేపల్లె పాసింజరు గంటన్నర ఆలస్యంగా నడిచింది. బాబూరావు ఆగలేదు. ఆవిడ లేకుండానే తీసేశాడు. ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చి కూర్చున్నాడు. సాంబయ్య నోరు తెరిచాడు, మాట రాలేదు. పట్టె మీద తట్టాడు. ఆగాడు. మళ్ళీ తట్టాడు. అలా అర నిమిషం ఏజెంటు మొహంలోకి చూస్తూ ఉండిపోయి, చివరికి “మీ అమ్మగారు బాగున్నారా?” అని అడిగాడు. ఏజెంటు వేషం వేసిన కుర్రాడు బిత్తరపోయాడు. కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. ఇంకాసేపటికి మళ్ళీ. ఇంకో టేపు లేదని బాబూరావు దాన్ని అలాగే వేసేశాడు.

రెండు వారాల తర్వాత మాణిక్యాంబ మేనకోడలు నాగజ్యోతి శెలవులకి రేపల్లె వచ్చింది. బాపట్లలో ఇంజనీరింగు చదువుతోంది. ఇంట్లోకి అడుగు పెట్టీ పెట్టగానే సెల్‌ఫోను తీసి అత్త మొహం ముందు పెట్టింది. ఎవరో హాస్టల్లో టీవీ ముందు ఫోను పట్టుకుని ఆ అర నిమిషం తీశారట. అది బ్లూటూత్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయి, కాలేజీ అంతా పాకి, పొన్నూరు, చీరాల కూడా దాటిపోయిందట. సాంబయ్య ఇప్పుడు మా కాలేజీలో హీరో అని ఆ పిల్ల మురిసిపోయింది. పాత క్యాసెట్లు దొరుకుతాయా అని అబ్బాయిలు తెనాలి దాకా వెళ్ళి అడుగుతున్నారని చెప్పింది.

“ఆ టైమింగ్ చూడత్తా. ఏమీ అనకుండా ఎలా నవ్విస్తున్నాడో. మా వాళ్ళంతా ఇదే,” అంటూ ముందున్న బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టింది.

మాణిక్యాంబ ఫోను చేతిలోకి తీసుకుంది. అగ్గిపెట్టెంత తెరలో ఆయన తడుతూనే ఉన్నాడు. కింద ఎవరూ లేరు. తట్టినకొద్దీ ఆయన కళ్ళల్లో బెదురు పెరుగుతోంది. దారి తప్పిన పిల్లాడు సంతలో నిలబడి చూసే చూపు అది. పదహారేళ్ళు ఊపిరి విన్నదే తప్ప మాట పోయినప్పటి ఆ మొహాన్ని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆ పూట మొదటిసారి చూసింది. పక్కన మేనకోడలు పకపకా నవ్వుతోంది.

ఆ తర్వాతి ఆదివారం బాబూరావు ఎదురొచ్చి మరీ పలకరించాడు. మనిషి వెలిగిపోతున్నాడు. కార్యక్రమం ఆపడం లేదట. కుర్రాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారట. బాపట్ల కాలేజీ వాళ్ళు వార్షికోత్సవానికి స్టేజీ మీద చేయమని పిలిచారట. ఇవన్నీ చెప్పి, అసలు సంగతి చల్లగా బయటపెట్టాడు. ఇకనుంచి ఆవిడ కాస్త ఆలస్యంగా అందించాలి.

“ఎంత ఆలస్యంగా అండి?” అంది మాణిక్యాంబ.

“ఓ అర నిమిషం. ఇంకా వీలైతే అసలు అందించకండి. పిల్లలకి ఆ ఖాళీయే కావాలండి. మాటలు ఎవరిక్కావాలి ఇప్పుడు?”

“ఆయనకి నిజంగానే మాట పోతోందండి. నటన కాదది.”

“ఏదైతేనేం టీచరమ్మగారూ, పండుతోందిగా.”

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏంటో ఆవిడకి ఆ క్షణాన తెలిసింది. నోటికొచ్చిన నాలుగు మాటలూ అనేసింది. బాబూరావు నవ్వుతూనే విన్నాడు. లాభం వచ్చే మనిషికి తిట్లు ఎక్కవు. ఆ పూట ఆవిడ పంతం పట్టి, ఆయన ఊపిరి పీల్చక ముందే ప్రతి వాక్యమూ అందించింది. నాగుల్ మీరా ఎక్కడా ఆగలేదు. సాయంత్రం కుర్రాళ్ళు ఫోన్లు చేసి, ఈ వారం బాగాలేదని చెప్పారు.

నాగుల్ మీరా మాత్రం గాల్లో తేలుతున్నాడు. కొట్టు ముందు మోటారు సైకిళ్ళు ఆగుతున్నాయి. కాలేజీ కుర్రాళ్ళు దిగి, సాంబయ్య బాబాయ్ అంటూ ఫొటోలు తీసుకుని, కుట్టుమిషను మీద రెండుసార్లు తడుతున్నారు. ఆయనా తిరిగి తడుతున్నాడు. కొన్నేళ్ళుగా కుర్రకారెవరూ గుర్తుపట్టని మనిషికి అరవయ్యో ఏట ఆ ముచ్చట తీరుతోంది. వాళ్ళెందుకు తడుతున్నారో ఆయనకి తెలియదు. ఆ సంగతి చెప్పాల్సిన మనిషి లోకంలో ఒక్కతే, ఆవిడకి నోరు రావడం లేదు.

చివరికి కాలేజీ కార్యక్రమం ఇంకో రెండు రోజులుందనగా మాణిక్యాంబ తెగించి ఆయన భార్య షాహీదా దగ్గరికి వెళ్ళింది. ఆయన నమాజుకి వెళ్ళిన వేళ చూసుకుని, ఉన్నదున్నట్టు చెప్పేసింది. షాహీదా లోపలికి వెళ్ళి ఆయన కుట్టిన చొక్కా ఒకటి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. దానికి రెండు చేతులూ ఎడమవే. కాలరు ఉండాల్సిన చోట జేబు ఉంది. ఇలాంటివి ఆరు నెలల నుంచి రాత్రిళ్ళు విప్పి తానే మళ్ళీ కుడుతున్నానని చెప్పింది. ఆయనకి కళ్ళు మసకబారాయనుకుందట. రెండుసార్లు అద్దాలు మార్పించిందట.

“మీరు చెప్పండక్కా. ఆదివారం టీవీలో అంతంత పొడుగు మాటలు గడగడా చెబుతుంటే, మతి పోతుందని నేనెట్టా అనుకోను?” అంది షాహీదా. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు. “మీరు అందించబట్టే మాకు తెలియలేదక్కా.”

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. మూడేళ్ళు. బాబూరావు చేసింది రెండు నెలల పాపం. కుర్రాళ్ళు తెలియక నవ్వారు. తెలిసి దాచింది తను. తండ్రి నేర్పిన విద్య అని, పనితనం అని మురుస్తూ, ఆయన జబ్బుని దుప్పటి కింద కూర్చోబెట్టి పోషించింది. మొదటి ఏడే నోరు మూసుకుని ఉంటే ఆయన ఆగిపోయేవాడు. అందరూ చూసేవాళ్ళు. ఎవరో ఒకరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. మాణిక్యాంబకి తన మీద తనకి పుట్టిన కోపం ముందు బాబూరావు మీద కోపం ఎందుకూ పనికిరాలేదు.

నాగుల్ మీరా వచ్చాక షాహీదా మెల్లగా కదిపింది. బాపట్ల వద్దండీ, ముందు గుంటూరు వెళ్ళి చూపించుకుందాం, ఈ మధ్య మరుపు ఎక్కువైంది అంది. ఆయన పెద్దగా నవ్వాడు. ఊరూవాడా నా డైలాగులు చెప్పుకుంటుంటే నాకు మరుపేంటన్నాడు. అంటూ మాణిక్యాంబ వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పు చెల్లెమ్మా. ఎప్పుడైనా ఎక్కడైనా పోయిందా?”

చెప్పడానికే వచ్చింది. ఆ మాట నాలుక మీదే ఉంది. షాహీదా ఆవిడ మొహంలోకే చూస్తోంది. కానీ పదహారేళ్ళ అలవాటు ఆవిడకన్నా ముందే నోరు తెరిచింది.

“అక్షరం పోలేదన్నయ్యా.”

షాహీదా తల దించుకుని చొక్కా మడత పెట్టుకుంది.

కార్యక్రమం రోజు పొద్దున్నే బాబూరావు కారు పంపి నాగుల్ మీరాని తీసుకెళ్ళిపోయాడు. టీచరమ్మగారికి శ్రమ ఎందుకు, రావద్దని కబురు కూడా పెట్టాడు. మాణిక్యాంబ స్కూలుకి శెలవు చెప్పి, నోటుపుస్తకం సంచీలో పెట్టుకుని రైలెక్కింది. తెనాలిలో మారి బాపట్లలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. దారిలో పక్క సీటామె వేరుశనక్కాయలు పెట్టబోతే వద్దని చెయ్యూపింది.

కాలేజీ ఆడిటోరియం కిటకిటలాడుతోంది. వెనక నుంచి లోపలికి వెళ్ళగానే ఆవిడకి మొదట కనిపించింది మంచం. నులకమంచం కాదు. నాలుగు సన్న కాళ్ళ ఇనప మంచం. దుప్పటి లేదు. కింద ఖాళీగా, నేల మెరుస్తూ కనిపిస్తోంది. దాక్కోవడానికి పిల్లికి కూడా చోటు లేదు. బాబూరావు ముందుచూపు అది.

మంచం మీద నాగుల్ మీరా కొత్త జుబ్బాలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఇన్సూరెన్సు ఏజెంటు. ఆయన నోరు తెరిచాడు. మూశాడు. ఇనప పట్టె మీద రెండుసార్లు తట్టాడు. మైకులో అది గణగణమని మోగింది.

హాలంతా బల్లల మీద తట్టింది. రెండు. ఒక్కసారే, వెయ్యి చేతులు.

ఆయన ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ తట్టాడు. హాలు మళ్ళీ తట్టింది. ఈలలు. ఆయన అటూ ఇటూ చూశాడు. చేత్తో పట్టె తడుముకున్నాడు. చివరికి మోకాళ్ళ మీద వంగి మంచం కిందికి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. హాలు పగలబడి నవ్వింది. కొందరు కుర్రాళ్ళు బెంచీల మీద నుంచి దొర్లారు కూడా.

మాణిక్యాంబ ఎప్పుడు నడిచిందో, మెట్లు ఎప్పుడెక్కిందో ఆవిడకే తెలియదు. పక్కనుంచి బాబూరావు చెయ్యి అడ్డం పెడితే నెట్టేసింది. వెలుతురులోకి వెళ్ళి, అందరూ చూస్తుండగా ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని నోటుపుస్తకం తెరిచింది. ఆయన వంగి ఆవిడని చూశాడు. మర్యాదగా, పరాయి మనిషిని అడిగినట్టు అడిగాడు.

“మీరెవరమ్మా?”

మైకు ఆ మాటని మూల మూలకీ చేర్చింది. అంత నవ్వు ఆ రోజు మరి దేనికీ రాలేదు.

మాణిక్యాంబ లేచి మైకు అందుకుంది. జన్మలో నలుగురి ముందూ ఒక్క మాట సొంతంగా మాట్లాడిన మనిషి కాదు. అయినా గొంతు వణకలేదు.

“నేను ఈయనకి మాట అందించేదాన్ని. ఈయన తట్టేది మిమ్మల్ని నవ్వించడానికి కాదు. మాట పోయింది, అందించు చెల్లెమ్మా అని నన్ను పిలుస్తున్నాడు. మీ ఫోన్లలో తిప్పుకుంటున్నారే, అందులో కూడా నన్నే పిలుస్తున్నాడు. ఆవేళ నేను లేను. ఇప్పుడు మళ్ళీ తట్టండి చూద్దాం.”

ఇది కూడా స్కిట్టే అనుకుని ముందు వరసలు నవ్వాయి. వెనక ఎవరో తట్టారు కూడా. ఆవిడ కదలకుండా నిలబడింది. నవ్వు ఒక్కో వరసా తగ్గుతూ వచ్చింది, కానీ పూర్తిగా ఆగలేదు. ఆగేదాకా నిలబడే ఓపిక ఆవిడకి లేదు. ఆయన చెవి దగ్గరికి వంగి అందించింది. ఆయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. ఏ లోటూ లేని ఆ పాత గొంతుతో, “పెద్దలకీ పిల్లలకీ సాంబయ్య నమస్కారం. ఇక సెలవు,” అన్నాడు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని స్టేజీ మీంచి దింపేసింది.

వెనక నాగజ్యోతి పరిగెత్తుకొచ్చింది. స్టేజీ మీద పడిపోయిన ఆయన కండువా తెచ్చి ఇచ్చింది. ఏడుస్తోంది. మాణిక్యాంబ కండువా తీసుకుంది గానీ మేనకోడల్ని ఊరడించలేదు. కోపం ఇంకా చాలా ఉంది. అందులో ఆ పిల్లకీ వాటా ఉంది.

సాయంత్రం పాసింజరులో ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. అప్పికట్ల దాటేదాకా ఆయన బయటికి చూస్తూనే ఉన్నాడు. నిడుబ్రోలు స్టేషన్లో టీ కప్పు చేతికిచ్చాక మొహం తేటపడింది. ఆవిడని గుర్తుపట్టాడు.

“ఎక్కడైనా పోయిందా చెల్లెమ్మా?”

మాణిక్యాంబ పళ్ళు బిగించింది. అలవాటు మళ్ళీ నోటి దాకా వచ్చింది. ఈసారి దాన్ని మింగేసింది.

“పోయిందన్నయ్యా. చాలా పోయింది. మూడేళ్ళ నుంచీ పోతోంది. నేనే చెప్పలేదు.”

ఆయన టీ తాగలేదు. కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. రైలు కదిలింది. చాలాసేపటికి కప్పు పక్కన పెట్టి, ఏదో అనబోయాడు. రాలేదు. కిటికీ కడ్డీ మీద వేలితో రెండుసార్లు తట్టాడు.

నోటుపుస్తకంలో దానికి మాట లేదు. ఆవిడ సొంతంగా అందించింది.

“షాహీదా, నాకు మతి తప్పుతోంది. రేపు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. అనండన్నయ్యా.”

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. బుద్ధిగా అన్నాడు. ఆవిడ మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాడు. ఎదుటి సీటువాళ్ళు నాటకం రిహార్సలనుకుని చూస్తున్నారు. చుండూరు దగ్గర ‘డాక్టరు’ అన్న చోట ఆయన ఊపిరి ఆగింది. ఆవిడ అందించింది. తెనాలి ప్లాట్‌ఫాం కనిపించేసరికి ఆ రెండు వాక్యాలూ ఆయనకి అక్షరం పోకుండా వచ్చాయి.